పావురాల గాలి

తెల్లవారుతూనే పెరట్లోంచి పిలుపు వచ్చేది. "అమ్మీ, రాయే. ఎండెక్కిపోతాది."

ఆ పిలుపు వినగానే చిలకమ్మకు నీరసం ముంచుకొచ్చేది. రాత్రంతా గోడకు ఆనుకుని, వీపు వెనక తలగడలు పెట్టుకుని, పడుకున్నదీ కాదు కూర్చున్నదీ కాదు అన్నట్టు గడిపిన మనిషి. ఆ వేళకే కాస్త కన్ను అంటుకునేది. అయినా లేచేది. లేవక ఏం చేస్తుంది? పిలిచేది మామ. మామంటే మొగుడి తండ్రి మాత్రమే కాదు, సొంత మేనమామ, తల్లికి తోడబుట్టినవాడు. పైగా పిలిచేది ఆమె బాగు కోరి. చిక్కంతా అక్కడే ఉంది.

ఉత్తరాదిన ఉక్కు కారఖానా ఊళ్ళో, బారిడీహ్ పేటలో వాళ్ళ క్వార్టర్. దాని వెనక చిన్న పెరడు. అందులో గోడ వారగా, పాత చెక్కపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ముందు ఇనపజాలీ బిగించి మామ ముసలయ్య కట్టిన గూడు. దాన్నిండా పావురాలు. గూటి ముందు ఒక పీట. చిలకమ్మ వెళ్ళి ఆ పీట మీద కూర్చోవాలి. ముసలయ్య జాలీ తలుపు తీసి చప్పట్లు చరిచేవాడు. పావురాలు ఒక్కసారి లేచి, రెక్కలు టపటపలాడిస్తూ, ఆమె ముఖం మీదుగా ఎగిరి గోడెక్కేవి. ఆ రెక్కల గాలి ముఖానికి తగలాలి. నోరు తెరిచి దాన్ని లోపలికి పీల్చాలి.

"పీల్సు. బాగా పీల్సు. అలగ! ఆ గాలి లోపలికెల్తేనే గదా లోపలున్న రోగం బయటికొచ్చీది," అనేవాడు ముసలయ్య. కారఖానాలో కొలిమి ముందు బతుకంతా గడిపి రిటైరైన మనిషి. చెవులు మందగించినా, నడుము వంగినా, పావురాల దగ్గరకొచ్చేసరికి మాత్రం కుర్రాడైపోయేవాడు.

పావురాల గాలి తగిలితే ఉబ్బసం నెమ్మదిస్తుందని, పక్షవాతం దరికి రాదని బొబ్బిలి పక్క పల్లెల్లో చిన్నప్పటినుంచీ వింటూ పెరిగినవాళ్ళు వాళ్ళు. ఉద్యోగం కోసం ఇంత దూరం వచ్చినా ఆ మాటను ఊళ్ళో వదిలి రాలేదు. మూటాముల్లెతో పాటు అదీ వచ్చింది.

చిలకమ్మకు ఉబ్బసం పట్టుకుని చాలా ఏళ్ళయింది. వచ్చి పోయే జబ్బయితే మనిషి దానితో పోట్లాడతాడు. ఇంట్లోనే కాపరం పెట్టిన జబ్బుతో పోట్లాటేముంటుంది, సర్దుకుపోవడం తప్ప? ఆమెకు రోజంతా ఆ సర్దుబాటుతోనే సరిపోయేది. ఇల్లూడ్చేటప్పుడు కొంగు ముక్కుకు అడ్డం కట్టుకోవాలి. తాళింపు వేసేది పోలరాజు, ఆమె మొగుడు. అతను డ్యూటీలో ఉంటే ఆ పూట ఇంట్లో తాళింపు లేని పప్పే. సాయంత్రం క్వార్టర్ల లైన్లో అందరూ బొగ్గు కుంపట్లు రాజేసే వేళకు తలుపులూ కిటికీలూ మూసుకుని, ఉక్కపోతలో కూర్చోవాలి. చలికాలం ట్రంకు పెట్టెలోంచి రజాయిలు తీసి దులపడం ఆమె పని కాదు. పేరంటానికి వెళ్తే అగరొత్తులు ఎక్కడ వెలిగించారో ముందు చూసుకుని, వాకిలి దగ్గరే కూలబడాలి. నవ్వొస్తే కూడా జాగ్రత్తగా నవ్వాలి, గట్టిగా నవ్వితే దగ్గు, దగ్గు వెనకే పిల్లికూతలు. నవ్వు మాటెలా ఉన్నా, మాట్లాడటం కూడా పొదుపుగానే. కొత్తవాళ్ళు ఆమెను గర్వమున్న మనిషి అనుకునేవారు.

ఇక వైద్యం తెలియనివాడు ఆ లైన్లో ఒక్కడూ లేడు. అడ్డసరం ఆకు రసం ఒకరు, జిల్లేడు పూలూ మిరియాలూ ఒకరు, గాడిదపాలు ఒకరు. అందరి మందులూ వేరుగాని, జబ్బు ఎందుకొచ్చిందన్న దాంట్లో మాత్రం అందరిదీ ఒకే మాట: కారఖానా పొగగొట్టాల పొగ. ఆ ఊళ్ళో పాలు విరిగినా పొగగొట్టాలదే తప్పు. చిలకమ్మ కూడా అలాగే అనుకుంటూ వచ్చింది.

ఆ ఏడు వానాకాలంలో తల్లికి జబ్బు చేస్తే ఊరెళ్ళి నెల్లాళ్ళుంది. వెళ్ళేటప్పుడు మాత్రలు సంచినిండా పట్టుకెళ్ళింది. వాటితో పనే పడలేదు. తడికట్టెల పొయ్యి ముందు కూర్చుని ఇంటిల్లిపాదికీ వండింది. నీళ్ళు మోసింది. రాత్రి వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. వెల్లకిలా పడుకోవడమంటే ఎలా ఉంటుందో ఆమె మరిచిపోయి ఎన్నేళ్ళయిందో! మెలకువ వచ్చాక కూడా అలాగే పడుకుని, దూలాలు చూస్తూ, ఊపిరి లోపలికి వెళ్ళి చప్పుడు లేకుండా బయటికి రావడం వింటూ ఉండిపోయేది. ఆ సుఖానికి ఆమెకు ఏడుపొచ్చింది.

తిరిగొచ్చిన మర్నాడే "అమ్మీ, రాయే" అని పిలుపు. "నెల్లాళ్ళు గాలి తప్పిపోనాది, నెమ్మదిగా పీల్సు" అని ముసలయ్య పావురాలను లేపాడు. పొద్దెక్కకుండానే చిలకమ్మ ఆస్పత్రి బల్ల మీద ఉంది, చేతికి సూదితో.

డ్యూటీ డాక్టరు పేరు రమణి. గుంటూరు పక్క మనిషి, ఇప్పుడు అదే ఊళ్ళో సోనారిలో కాపరం, చిన్న వయసు. సూది మందు పనిచేసి చిలకమ్మ నోట మాట వచ్చేదాకా కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది.

"ఊళ్ళో నెల రోజులూ ఒక్కసారి కూడా రాలేదా?"

"నేదు డాక్టరమ్మా. తడికట్టెల పొగలో కూకుని వొండినాను. అయినా రానేదు."

"అయితే పొగ ఒక్కటే కాదమ్మా. మీ ఇంట్లోనే ఏదో ఉంది. పిల్లిని పెంచుతున్నారా? కోళ్ళు? పావురాలు?"

చిలకమ్మ చేతికున్న సూది వైపు చూపు తిప్పుకుంది.

"పక్షుల ఈకల్లోంచి, రెట్టల్లోంచి లేచే దుమ్ము కొంతమందికి అస్సలు పడదు," అంది రమణి. "ముఖ్యంగా పావురాలు. రోజూ అది పీలుస్తూ పోతే ఊపిరితిత్తులు పాడైపోతాయి. అప్పుడు ఈ సూదులు కూడా పనిచెయ్యవు. మీకిప్పటికే ఆ స్థితి దగ్గరకొచ్చింది. అందుకే అడుగుతున్నాను. ఉన్నాయా?"

"నేవమ్మా," అంది చిలకమ్మ.

అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. కాని ఎందుకొచ్చిందో తెలుసు. డాక్టరమ్మ పావురాలన్న క్షణంలోనే ఆమెకు అత్త గుర్తొచ్చింది. నూకాలమ్మ, ముసలయ్య పెళ్ళాం. ఆమెదీ ఇదే రోగం. ఆమె కోసమే ముసలయ్య మొట్టమొదట పావురాలు తెచ్చాడు. రోగం ముదిరిన కొద్దీ పావురాలను పెంచుతూ పోయాడు. ఆఖరి చలికాలం, మంచం దిగలేని మనిషికి గాలి తప్పిపోతుందని, గూడు తెచ్చి గదిలో ఆమె తల దగ్గరే పెట్టాడు. ఆ మాఘమాసంలోనే నూకాలమ్మ పోయింది. అప్పటికి చిలకమ్మ ఆ ఇంటికి కొత్త కోడలు. ముసలయ్య ఆనాటినుంచీ ఒక్కటే మాట అనుకుని కుమిలిపోయేవాడు: "బేగి తెచ్చుంటే బతికీదే. తక్కువ తెచ్చినాను. ఇంకో నాలుగు జంటలు తెచ్చుంటే బతికీదే."

అందుకే కోడలికి మొదటిసారి ఎగపోత వచ్చిన రోజే, ఉన్న పావురాలు చాలవని సాక్చి మార్కెట్టుకు పరిగెత్తి ఇంకో జంట తెచ్చాడు. పెళ్ళాం విషయంలో చేసిన ఆలస్యం కోడలి విషయంలో చెయ్యదలచుకోలేదు. ఇప్పుడు ఆ మనిషితో వెళ్ళి, నీ పావురాలే నాకు రోగం అని ఎలా చెప్పడం? చెప్తే ఊరుకుంటాడా? ఆ మాట పట్టుకుని ఎక్కడిదాకా వెళ్తాడో చిన్నపిల్లకైనా తెలుస్తుంది.

పోలరాజుతో చెప్పింది. బి షిఫ్టు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చున్నాడు అతను. విన్నాడు.

"నిజమేనంటావా?"

"ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఒక్క కూత నేదు. నిజం కాకపోతే ఏటి మరి?"

"అయ్యకి సెప్పకే," అన్నాడు పోలరాజు. "అమ్మని నానే సంపీసినాను అనుకుంటాడు. ఆయన పేనం నిలబడదు."

"మరి నా పేనమో?"

పోలరాజు చెడ్డవాడు కాదు. తాళింపు వేసే మొగుడు ఆ లైన్లో ఇంకొకడు లేడు. కాని తల్లి చావుకూ తండ్రి బతుక్కూ పెళ్ళాం ఊపిరికీ మధ్య నిలబెట్టి తేల్చుకోమంటే ఎవడు మాత్రం తేల్చగలడు? "నాలుగురోజులు ఆగు, ఏదో ఒకటి సేద్దారి" అన్నాడు. అలసిపోయినవాళ్ళందరూ అనే మాటే అది. పక్కకు తిరిగి పడుకున్నాడు.

దసరా వెళ్ళింది. దీపావళి మందుగుండు పొగలో మళ్ళీ ఆస్పత్రి. చిలకమ్మ పీట కాస్త వెనక్కి జరుపుకునేది. ముసలయ్య మళ్ళీ ముందుకు జరిపేవాడు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే, "అదేటే, గాలికి అడ్డం పెడతావు?" అని తనే చేత్తో తీసేసేవాడు. ఆ చెయ్యి ఎంత మెత్తగా తీసేదంటే, ఆమెకు కోపం కూడా వచ్చేది కాదు. కోపం వచ్చినా బాగుండేది. కోపానికి కూడా ఊపిరి కావాలి కదా.

దీపావళినాడు ఆస్పత్రిలో సూది మందు నెమ్మదిగా ఎక్కుతుండగా చిలకమ్మకు ఒక ఉపాయం తట్టింది. రోగం ఉంటేనే కదా పావురాలు? నయమైపోయిందంటే?

"మావా, నాకు నయమైపోనాది," అంది వారం తిరక్కుండా. పెరట్లో ముసలయ్య గింజలు చల్లుతున్నాడు. "డాక్టరమ్మ గుండెల మీద గొట్టం పెట్టి సూసింది. కూతల్నేవంది. శుభ్రంగా ఉన్నాదంది."

గింజల డబ్బా పట్టుకుని ముసలయ్య అలాగే నిలబడిపోయాడు. "మళ్ళీ సెప్పు."

"నయమైపోనాది మావా. ఇంక పావురాల గాలి అవసరం నేదు."

ముసలయ్య తొందరపడే మనిషి కాదు. కార్తీక పున్నమి వెళ్ళేదాకా చూద్దామన్నాడు. మంచు పడేది అప్పుడే, రోగం నిజంగా పోయిందో లేదో మంచులోనే తెలుస్తుందన్నాడు. అందాకా పీట మీద కూర్చోక తప్పదన్నాడు. ఉపాయం పన్నినప్పుడు చిలకమ్మ ఈ సంగతి ఆలోచించలేదు. ఇప్పుడు పావురాల మధ్య కూర్చుని, ఆ దుమ్ము పీలుస్తూ, రోగం లేనట్టు కనిపించాలి.

ఆ కార్తీకం ఆమె పడ్డ అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు. తెల్లవారకముందే మాత్ర మింగేది. అది గుండెను దడదడలాడించి చేతులు వణికించేది, వణుకు కనిపించకుండా చేతులు ఒళ్ళో ముడుచుకునేది. పీట మీద కూర్చున్నంతసేపూ పీల్చినట్టు నటించి, ఊపిరి బిగబట్టి ఉండేది. మామ ఏదైనా అడిగితే, ఉన్న గాలితో గబగబా ఒక్క ముక్క చెప్పి నోరు మూసేసేది. లోపల కూత మొదలవుతోందనిపిస్తే స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి ధారగా వదిలి, బక్కెట్టు మీదకు వంగి, ఆ నీళ్ళ చప్పుడులో దగ్గేది. రోగమంటే రోగం, దాన్ని దాచడం అంతకన్నా పెద్ద రోగం. రాత్రయ్యేసరికి ఎముకలన్నీ నొప్పి. ఢిల్లీలో ఆటల పోటీలు జరుగుతున్నాయని లైన్లోవాళ్ళంతా ఎవరింట్లోనో కొత్తగా వచ్చిన టీవీ ముందు చేరితే, పోలరాజు కూడా రమ్మన్నాడు. ఆమెకు గుమ్మం దాటే ఓపిక లేదు.

"ఎన్నాళ్ళే ఈ యేసం?" అన్నాడు పోలరాజు.

"పున్నం ఎల్తే అయిపోతాది," అంది చిలకమ్మ. అది చెప్పడానికి రెండుసార్లు ఆగింది.

పున్నమి వెళ్ళింది. మర్నాడు ముసలయ్య సంతోషం చూడాలి! మిఠాయి తెచ్చి లైనంతా తిరిగి ఇంటింటికీ పంచాడు. "మా కోడలికి నయమైపోనాది. మంచులో కూడా ఒక్క కూత నేదు" అని చెప్పిందే చెప్పాడు. ఇంటికొచ్చి నూకాలమ్మ ఫొటో ముందు ఒక ముక్క పెట్టి, కోడలి తల మీద చెయ్యి వేసి, "దానికి అందనిది నీకందింది. అంతే సాలు నాకు" అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చిలకమ్మకు తను చేసిన మోసం మీద ఏ కోశానా సిగ్గు కలగలేదు. గట్టెక్కానన్న నిమ్మళం తప్ప ఇంకేమీ కలగలేదు.

ఆ నిమ్మళం ఆ సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

"పనైపోనాక మందు మూల పడీకూడదు," అన్నాడు ముసలయ్య అన్నం తింటూ. "గోవింద్‌పూర్‌లో మన సన్యాసమ్మ మనవరాలు ఉంది గదా, చిన్నమ్మి. దానికి కూడా ఇదే ఎగపోతంట. పావురాలన్నీ ఆ గుంటకిచ్చీద్దారి. రేపు రమ్మని కబురెట్టినాను."

పావురాలు ఇంట్లోంచి పోతే చాలనుకున్న చిలకమ్మ, అవి ఎక్కడికి పోతాయో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆ రాత్రి ఆమె గోడకు ఆనుకుని కూర్చున్నది ఊపిరాడక కాదు. మాట్లాడకుండా ఉంటే తన పని అయిపోయినట్టే. ఇంకెప్పుడూ ఆ పీట మీద కూర్చోనక్కరలేదు. ముసలాయన సంతోషంగా పోతాడు ఎప్పుడో. గోవింద్‌పూర్ దూరమేగా, అక్కడ ఎవరు దగ్గినా ఇక్కడికి వినిపించదు. ఇలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దెక్కాక సన్యాసమ్మ వచ్చింది. ముసలయ్యతో పాటు కొలిమి దగ్గర పనిచేసిన ఒకాయన పెళ్ళాం, ఇప్పుడు కొడుకు దగ్గరుంటోంది. చంకలో చిన్నమ్మి. ఏడుపుగొట్టు ముఖం, గుంటలు పడ్డ కళ్ళు. ఊపిరి తీసినప్పుడల్లా గౌను కింద పక్కటెముకలు లోపలికి పోయి బయటికొస్తున్నాయి. చిలకమ్మ ఆ పక్కటెముకలు చూసింది. మరేమీ చూడలేకపోయింది.

పావురాలు కనిపించగానే పిల్ల ముఖం వెలిగిపోయింది. "కబూతర్! దాదీ, దేఖో నా, కబూతర్!"

"నువ్వు దేవుడివి అన్నా," అంది సన్యాసమ్మ ముసలయ్య కాళ్ళకు దండం పెడుతూ. "డాక్టర్ల సుట్టూ తిరిగి కాళ్ళరిగిపోనాయి. చిలకమ్మకి నయమైపోనాదని యిన్నాక నాకు పేనం లేసొచ్చింది."

"ముందు ఈ గుంటకి నేర్పాల. రా అమ్మా, ఇక్కడ కూకో." ముసలయ్య పిల్లను పీట మీద కూర్చోబెట్టాడు. ఒక తెల్ల పావురాన్ని తీసి ఒళ్ళో పెట్టాడు. పిల్ల రెండు చేతులా దాన్ని పట్టుకుని, మెత్తటి ఈకల్లో ముఖం దాచుకుంది. ముసలయ్య జాలీ తలుపు మీద చెయ్యి వేశాడు. "నోరు తెరు అమ్మా. పెద్దగా. ఇప్పుడు సూడు..."

చిలకమ్మ పరిగెత్తింది. ఆమె పరిగెత్తడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. పావురాన్ని పిల్ల ఒళ్ళోంచి తోసేసి, పిల్లను ఎత్తుకుని వాకిట్లోకి వచ్చేసింది. పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. సన్యాసమ్మ వెనకాలే వచ్చింది.

"ఏటే ఇది? నీకు నయమైపోనాది గదా! మా గుంటకిచ్చీడానికి మనసొప్పనేదా నీకు?"

"అది కాదు పిన్నీ..." అని మొదలుపెట్టింది చిలకమ్మ. ఆపైన మాట రాలేదు. ఇన్నాళ్ళుగా బిగబట్టి, కుళాయి నీళ్ళ కింద దాచిపెట్టినదంతా ఒక్కసారి బయటికొచ్చింది. దగ్గు, దగ్గు వెనక కూతలు. గోడ పట్టుకుని వంగిపోయింది. పిల్లను సన్యాసమ్మ అందుకుంది. కాస్త గాలి దొరికాక చిలకమ్మ ఒక్కొక్క ముక్కే చెప్పింది. "నాకు నయమవనేదు. పావురాల దుమ్ము వల్లే వత్తాదంది డాక్టరమ్మ. పిల్లని ఆటి దగ్గిరికి రానీకు. తీసుకెల్లిపో పిన్నీ."

సన్యాసమ్మ ఆమె వంక చూసింది, ఆమె వెనక గుమ్మంలో నిలబడ్డ ముసలయ్య వంక చూసింది. కొంగు పిల్ల ముఖానికి కప్పి, ఆటోల వైపు గబగబా నడిచింది.

ముసలయ్య పెరట్లోకి వెళ్ళిపోయాడు. చిలకమ్మ వెళ్ళేసరికి గూటికి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాడు. జాలీ తలుపుకు గొళ్ళెం వేసేసి ఉంది.

"నాకు వినిపించనేదనుకోకు. విన్నాను. ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"ఊరి నుంచొచ్చిన కాడ్నుంచి."

"మీ ఆయనకి?"

"తెలుసు."

"తెలిసి కూడా పిలిసినప్పుడల్లా వచ్చి కూకున్నావా?"

ముసలయ్య నేల మీద పడిన ఒక గింజను తీసి, వేళ్ళ మధ్య నలిపాడు.

"రేపు సాక్చి పట్టుకెల్లి పిట్టలోడికిచ్చీత్తాను. ఆడు రైల్లో ఏరే ఊళ్ళకి పట్టుకెల్లి అమ్ముతాడు. దగ్గర్లో ఒగ్గితే మళ్ళీ ఇంటికే వచ్చీత్తాయి," అన్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "మరి నూకాలమ్మ..."

ఈ ప్రశ్న వస్తుందని చిలకమ్మకు ఎప్పుడో తెలుసు. జవాబు కూడా ఎప్పుడో తయారుగా పెట్టుకుంది.

"అత్తది గుండెజబ్బు మావా. నాను డాక్టరమ్మకి అన్నీ సెప్పి అడిగినాను. అత్తది ఉబ్బసం కాదంది, గుండెదంది, పావురాలుంటే ఏటి నేకపోతే ఏటి, అత్త ఎలాగూ బతికీది కాదంది." ఎక్కడా ఆగకుండా, దగ్గకుండా, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. చెప్పి పెదవులు బిగించి కూర్చుంది.

ముసలయ్య తల ఎత్తి ఆమె ముఖం వంక చూశాడు. తొందర లేకుండా, కొలిమిలో రంగు చూసినట్టు చూశాడు.

"నయమైపోనాదని సెప్పినప్పుడు కూడా ఇలగే సెప్పినావు," అన్నాడు. "ఒక్క గుక్కలో. ఊపిరి బిగబట్టి."

చిలకమ్మ తల వంచుకుంది.

"ఒగ్గీ, అమ్మీ. ఊపిరొగ్గీ. ఇంక నా కోసం బిగబట్టకు."

ఆమె వదిలేసింది. కూత పైకి వచ్చింది, సన్నగా, పొడుగ్గా, ఎవరికీ దాచకుండా. ముసలయ్య దగ్గరకు జరిగి ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఆ కూతను మొదటినుంచి చివరిదాకా విన్నాడు. పెళ్ళాం ఆఖరి చలికాలమంతా విన్న కూతే అది.